తీగచుట్ట

మా కురవిలో 'సుట్ట' అంటే రెండు వస్తువులు. ఒకటి తాత నోట్లో ఉండేది, మోదుగాకులో పొగాకు పెట్టి చుట్టింది. రెండోది బాపు షాపులో మేకుకు వేలాడేది, రాగితీగ చుట్ట. బాపుది మోటారు వైండింగ్ షాపు. కాలిపోయిన వ్యవసాయ మోటార్లలోంచి పాత తీగ పీకి, కొత్త తీగ లెక్కపెట్టి చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టడం నలభై ఏళ్లుగా ఆయన పని. నేను అమెరికాలో ఉన్న రోజుల్లో కొన్నేళ్లపాటు వారాంతాల్లో చేసిన పనిలో ఈ రెండు చుట్టలూ కలిసిపోయాయి. సన్నటి తీగను చుట్టి, దాని మధ్య దూది దూర్చి, దూదికి రసం పట్టించి, కరెంటుతో వేడిచేసి, వచ్చిన ఆవిరిని పీల్చేవాణ్ణి. అక్కడ దాన్ని రీబిల్డబుల్ అటామైజర్ అంటారు. ఇక్కడ 2019 నుంచి దాన్ని అమ్మడమూ తయారుచెయ్యడమూ నేరం. కాబట్టి ఇది ఎలా చేసుకోవాలో చెప్పే వ్యాసం కాదు. ఆ వస్తువుతో మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలని రాస్తున్నాను.

ముందు వస్తువు గురించి. ఎలక్ట్రానిక్ సిగరెట్టును ఇప్పుడున్న రూపానికి తెచ్చినవాడు హాన్ లిక్ అనే చైనా ఫార్మసిస్టు, 2003లో. ఆయన కూడా విపరీతంగా సిగరెట్లు తాగేవాడే, తండ్రి ఊపిరితిత్తుల కాన్సరుతో పోయాడు. ఆ తర్వాత వచ్చిన రకాల్లో ఎక్కువభాగం వాడి పారేసేవి, లోపలేముందో విప్పి చూడ్డానికి వీల్లేనివి. వాటితో విసిగినవాళ్ళు విప్పి మళ్ళీ కట్టుకోగలిగే రకాన్ని తయారుచేసుకున్నారు. చిన్న లోహపు పళ్ళెం, దాని మీద రెండు చిన్న స్తంభాలు, స్తంభాల మధ్య తీగచుట్ట, చుట్టలో దూది. పైన మూత, మూతకు గాలి రంధ్రాలు. అంతే. దీంట్లో చిక్కేమిటంటే దూది నాలుగు దమ్ములకే ఆరిపోతుంది. మూత తీసి, పైనుంచి చుక్కచుక్కగా మళ్ళీ రసం పొయ్యాలి. కారు నడుపుతూనో, ఆఫీసు ఫోనులో మాట్లాడుతూనో అది కుదరదు. ఆరిన దూదితో బటన్ నొక్కితే కాలిన దూది పొగ గొంతులోకి పోతుంది. దాని రుచి ఒకసారి చూసినవాళ్ళు మరిచిపోరు.

దీనికి ఎవరో చేతిపనివాళ్ళు కనిపెట్టిన ఉపాయమే కింది నుంచి తాపడం. బాటరీ పెట్టే డబ్బాలోనే మెత్తటి సీసా ఒకటి అమర్చి, సీసాలోంచి ఒక గొట్టాన్ని అటామైజర్ అడుగుదాకా తెస్తారు. సీసాను వేలితో నొక్కితే రసం పైకెక్కి దూదిని తడుపుతుంది, వదిలితే మిగిలింది తిరిగి సీసాలోకి జారిపోతుంది. రసం పైకెక్కడానికి మరి దారేదీ? అటామైజర్ అడుగున కరెంటు తెచ్చే పిన్ను ఒకటుంటుంది, ఆ పిన్నే దారి. అంటే అది బోలుగా ఉండాలి. 2017 నాటికి చాలా కంపెనీలు అలాంటి బోలు పిన్నును డబ్బాలో అదనంగా పెట్టి ఇవ్వడం మొదలుపెట్టాయి. అంతకుముందు కొన్నవాటిలో పిన్ను గట్టి స్క్రూ. కావాలంటే ఇంట్లో కూర్చుని దానికి నిలువునా రంధ్రం వెయ్యాల్సిందే.

నేను సిగరెట్టు మొదలుపెట్టింది వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు. మన సాహిత్యంలో పొగకు లోటేమీ లేదు, గిరీశం దగ్గర వెంకటేశం గట్టిగా నేర్చుకున్న విద్య అదొక్కటే కదా. నాకు మాత్రం ఏ గిరీశమూ అక్కర్లేకపోయింది, హాస్టల్ చాలింది. 2011లో ఉద్యోగం మీద నార్త్ కెరొలైనా వెళ్ళేనాటికి రోజుకొక పెట్టె. పోయిపోయి పొగాకు సీమకే పోయాను. మేముండేది రాలీ పక్కన, అరగంట దూరంలో డర్హమ్. అమెరికన్ సిగరెట్టు వ్యాపారాన్ని ఒక మహాసామ్రాజ్యం చేసిన డ్యూక్ కుటుంబం ఊరది. 1880లలో బాన్‌సాక్ అనే కుర్రాడు కనిపెట్టిన యంత్రం ఒక్కటి రోజుకు లక్ష పైచిలుకు సిగరెట్లు చుట్టేది. అప్పటిదాకా ఆ పని చేతులతో చేసినవాళ్ళు ఏమయ్యారో ఊహించుకోవచ్చు. మన బీడీలను మాత్రం ఇప్పటికీ చేతులే చుడుతున్నాయి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఆడవాళ్ళ చేతులు, వెయ్యి బీడీలకింత అని కూలి. వాటికి కావాల్సిన తునికాకు ఎండాకాలంలో మా జిల్లా అడవుల నుంచి కూడా పోతుంది. గూడూరు, కొత్తగూడ వైపు ఏప్రిల్ మే నెలల్లో ఆకు కట్టలు ఆరబెట్టిన కల్లాలు కనిపిస్తాయి.

2014లో నేను ఆవిరికి మారాను. పన్నెండు మిల్లీగ్రాముల నికోటిన్‌తో మొదలుపెట్టి ఆరు, మూడు, చివరికి సున్నా. మూడున్నరేళ్లు పట్టింది. ఇది చెప్పుకోదగ్గ వీరగాథేం కాదు. ఇందులో నాకు ఇప్పటికీ ఆసక్తి కలిగించేది, మానడానికి నాకు సాయం చేసింది నికోటిన్ మోతాదు తగ్గడం ఒక్కటే కాకపోవడం. చేతులకు పని దొరకడం. సిగరెట్టు తాగేవాడి చేతులకు రోజంతా ఒక ఉద్యోగం ఉంటుంది. పెట్టె తట్టడం, తియ్యడం, వెలిగించడం, బూడిద దులపడం. ఆ ఉద్యోగం ఊడబెరికితే చేతులు ఊరుకోవు. నాకు అదృష్టవశాత్తూ వేరే పని దొరికింది, అదీ స్క్రూడ్రైవర్‌తో.

ఇక్కడ తాత గురించి ఒక్కమాట. ఆయన నడుముకు ఒక చిన్న సంచి ఉండేది. అందులో చెకుముకి రాయి, ఇనుప ముక్క, చిన్న గొట్టంలో కుక్కిన దూది. రాయిని ఇనుముతో కొట్టి, లేచిన రవ్వను దూది మీద పట్టి, ఊది, దాంతో సుట్ట ముట్టించేవాడు. అగ్గిపెట్టెలు ప్రతి కొట్లోనూ దొరికే కాలంలో కూడా. ఎందుకని అడిగితే జవాబు చెప్పేవాడు కాదు. అది ఆయన పనిముట్టు, అంతే. దూది, నిప్పు, పొగ. నా బల్ల మీదున్నవీ ఆ మూడే కదా అని నాకు తట్టింది చాలా ఆలస్యంగా, బాపు వచ్చాకే.

2017 మే నెలలో బాపు, అమ్మ ఆరునెలలకని వచ్చారు. కురవిలో బాపుకు రోజుకు కట్టన్నర బీడీ. రాలీలో బీడీ లేదు. సిగరెట్టు ఆయనకు పొగలాగే తోచేది కాదు, 'గాలి దాగినట్టున్నది' అనేవాడు, అయినా రోజుకు పది పదిహేను కాల్చేవాడు. బాల్కనీలో నిలబడి, కింద పార్కింగులో ఎవరన్నా చూస్తారేమోనని వెనక్కి జరిగి జరిగి గోడకు ఆనుకుని. షాపులో రాజులాగా కాలు మీద కాలేసుకుని బీడీ తాగే మనిషి. నాకది చూడ్డం కష్టంగా ఉండేది.

ఒక శనివారం నేను బల్ల మీద అటామైజర్ విప్పి పెట్టుకున్నాను. పైనుంచి చుక్కలు పొయ్యడానికి మాత్రమే పనికొచ్చే రకం, నాకు బాగా ఇష్టమైనది. దాన్ని కింది నుంచి తాగేట్టు మార్చాలి. బాపు కళ్ళజోడు పెట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"గిదేందిరా?"

చెప్పాను. సీసా, గొట్టం, పిన్ను, పళ్ళెం. ఏదో బిల్లు కాగితం వెనక బొమ్మ గీశాను. కాసేపు చూసి, "గిది బోరే గదరా" అన్నాడు. "కింద నీళ్ళు, నడుమ పైపు, పైన తొట్టి. మోటరేది?"

"నా బొటనవేలే బాపూ."

నవ్వాడు. వెంటనే అనుమానమొచ్చింది. "మరి ఫుట్‌వాల్వు? అది లేకుంటే నీళ్ళు ఎన్కకు జారిపోవా?"

జారిపోవాలనే పెట్టలేదని చెప్పాను. తొట్టిలో ఎక్కువైంది తిరిగి కిందికి రాకపోతే గాలి రంధ్రాల్లోంచి కారుతుంది. సీసా తన రూపానికి తిరిగి ఉబ్బేటప్పుడు లోపల పీల్పు పుడుతుంది, ఆ పీల్పే దాన్ని లాక్కుంటుంది. ఆయన ఒక నిమిషం ఆలోచించి, "అంటే నొక్కుతె బోరు, ఇడిస్తె తూము" అన్నాడు. నేను ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్నవాణ్ణి, ఆ మాట నాకు తట్టలేదు.

తర్వాత మూడుగంటలు ఇద్దరం ఆ స్క్రూ మీద పడ్డాం. మూడు మిల్లీమీటర్ల మందం, స్టెయిన్‌లెస్ స్టీలు, దాంట్లో నిలువునా 1.2 మిల్లీమీటర్ల రంధ్రం. స్టెయిన్‌లెస్‌కు ఒక దుర్గుణం ఉంది. బిట్టు కొరక్కుండా ఒకేచోట తిరుగుతూ రుద్దితే, ఆ చోటు ఇంకా గట్టిపడుతుంది. ఆ తర్వాత బిట్టు విరగడమే గానీ రంధ్రం పడదు. దీన్ని నేను పుస్తకంలో చదివాను. బాపు చదవలేదు. స్క్రూ నా దగ్గర్నుంచి తీసుకుని, నెత్తి మీద నడిమధ్యన పంచ్‌తో చిన్న గుంట కొట్టి, ఒక చుక్క నూనె వేసి, డ్రిల్లు స్పీడు సగానికి తగ్గించమన్నాడు. "రుద్దనియ్యకు, కొరకనియ్యి" అన్నాడు. బిట్టు కాస్త దిగగానే బయటికి తీసి రజను తుడవడం, మళ్ళీ చుక్క నూనె, మళ్ళీ దించడం. అవతలి పక్కకు బిట్టు మొన సరిగ్గా మధ్యలోంచి బయటపడింది. నేను లెన్సు పెట్టి చూశాను. ఆయన చూడలేదు.

అసలు చిక్కు ఆ తర్వాతది. పిన్ను బోలైంది, కానీ పిన్ను పైన ఉన్న స్తంభం గట్టిది. రసం పళ్ళెంలోకి రావాలంటే స్తంభానికి అడ్డంగా ఇంకో రంధ్రం కావాలి. దాన్ని ఎంత ఎత్తులో వెయ్యాలి? పైన వేస్తే దూదికి దగ్గరగా రసం పడుతుంది, బాగుంటుందనిపిస్తుంది. అయితే వదిలినప్పుడు రంధ్రం కిందనున్న రసమంతా పళ్ళెంలోనే నిలిచిపోతుంది, జేబులో పెట్టుకుంటే కారుతుంది. పళ్ళెం మట్టానికి వేస్తే మొత్తం వెనక్కి పోతుంది. దూది తోకలు పళ్ళెం అడుగును తాకేట్టు వదిలితే పైకి పీల్చుకునే పని అవే చూసుకుంటాయి, దీపపు వత్తిలాగా. బాపు సూదిమొనతో మట్టానికి గీత గీశాడు. "తొట్టికి తూము అడుగునే ఉంటది" అన్నాడు, ఇదీ చెప్పాలా అన్నట్టు.

తర్వాత కడగడం. వేడినీళ్ళు, గిన్నెల సబ్బు, బ్రష్షు, మళ్ళీ వేడినీళ్ళు. ఇది ఊపిరితిత్తుల్లోకి గాలి పోయే దారి, లోహపు రజను కంటికి కనిపించనంత మిగిలినా మిగిలినట్టే. ఇత్తడి పిన్నులను నేను మొదట్నుంచీ దూరం పెట్టాను, ఇత్తడిలో సీసం కలిసుంటుంది కాబట్టి. బాపుకు ఈ శుభ్రం నచ్చింది. ఆయన షాపులో ఒక్క రాగి పొట్టు స్లాటులో మిగిలితే మోటారు షార్టవుతుంది.

ఆపైన కాయిల్. తీగ ఉండ చేతికిచ్చి, ఇరవై ఆరు గేజి అన్నాను. బొటనవేలు, చూపుడువేలు మధ్య దొర్లించి, "ఇర్వై ఆరు గాదు, ఇర్వై ఏడు" అన్నాడు. కాలిపర్ పెట్టి కొలిచాను, 0.40 మిల్లీమీటర్లు. నేను చెప్పింది అమెరికన్ గేజి, ఆయన చేతికి తెలిసింది ఎస్‌డబ్ల్యూజీ. ఆ లెక్కలో అది ఇరవై ఏడే. రాగి కాదనీ వెంటనే పట్టాడు. "గిది కరెంటు పొయ్యి తీగ." దాదాపు అంతే. కాంథాల్ అంటే ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన లోహం, ఎర్రగా కాలినా చెక్కుచెదరదు. మూడు మిల్లీమీటర్ల కడ్డీ మీద ఆరు చుట్లు చుట్టాడు, ఒకదానికొకటి ఆనుకుని, నేను ఎన్నడూ చుట్టలేనంత సమంగా. మీటరు పెడితే 0.8 ఓమ్. నిండా చార్జయిన బాటరీ 4.2 వోల్టులు, అంటే ఐదు ఆంపియర్లకు కాస్త ఎక్కువ. ఇది వినగానే బాపు మొహంలో నేను ఎప్పుడూ చూడని ఆశ్చర్యం. "అయిదు ఆంపియర్లా? మూడు హెచ్‌పీ మోటరు గంతే గుంజుతది." బొటనవేలంత బాటరీని అటూ ఇటూ తిప్పి చూశాడు. వోల్టులు తేడా అని ఆయనకూ తెలుసు, అయినా ఆ అంకె ఆయన్ని వదల్లేదు. షార్టయితే ఏమవుతుంది అని అడిగాడు. మా డబ్బాలో షార్టయితే ఆపేసే సర్క్యూటు ఉంది. అదీ లేకుండా బాటరీని నేరుగా కాయిల్‌కు కలిపే గొట్టాలు కొందరు వాడతారు, అవి పేలి మనుషులు చచ్చిపోయిన సంగతులున్నాయి. బాపు ఆ సర్క్యూటు పనిచేస్తోందో లేదో చూపిస్తేగానీ బల్ల దగ్గర్నుంచి లేవలేదు.

ఒక వారం తర్వాత ఆయనే అడిగాడు, తనకొకటి కావాలని. నేను అడగలేదు, చెప్పలేదు. తన చేత్తో చుట్టిన కాయిల్ ఏం పనిచేస్తుందో చూడాలని ఉందంతే. మొదటి రెండురోజులు దగ్గు. మూడోరోజు నుంచి బాల్కనీలో సిగరెట్లు తగ్గాయి, రెండోవారం చివరికి ఆగిపోయాయి. వెళ్ళేదాకా మూడు నెలల పైన మళ్ళీ ముట్టలేదు. ఆదివారం ఆదివారం 'సర్వీసింగ్' పెట్టేవాడు. పాత దూది పీకడం, కాయిల్‌ను ఎర్రగా కాల్చి మసి రాల్చడం, కొత్త దూది కత్తిరించడం. దూది బిగుతుగా దూరిస్తే రసం పారదు, వదులుగా దూరిస్తే పొర్లుతుంది. ఈ కొలతకు ఏ మీటరూ లేదు, లాగినప్పుడు కాయిల్ కదలకూడదు గానీ దూది కదలాలి. అది ఆయనకు రెండోసారికే వచ్చింది. అమ్మ మాత్రం, "పొగ వొయింది గని పొగ పిచ్చి వోలే" అనేది. తప్పేం కాదు ఆ మాట.

అక్టోబరులో డబ్బాతో కురవి వెళ్ళాడు. అక్కడ ఇంకో అధ్యాయం నడిచింది. నేనిచ్చిన దూది అయిపోయింది. పత్తి పండే ఊళ్ళో దూది కొనడమేమిటని మా చేనులో పత్తే పట్టుకున్నాడు. రసంలో వేస్తే తేలింది, తడవలేదు. పచ్చి పత్తికి పైన మైనం పొర ఉంటుంది, చేలో వానకు తడవకుండా అదే కాపాడుతుంది. ఫోనులో చెప్పాను, సోడా వేసి గంటసేపు ఉడకబెట్టి కడగమని. మర్నాడు వీడియో కాల్. గిన్నెలో నీళ్ళు, పైన వేసిన దూది చూస్తుండగానే మునిగింది. "సూసినవా, తాగుతాంది!" చుట్టూ నలుగురు రైతులు, మోటార్లు బాగుచేయించుకోను వచ్చినవాళ్ళు. ఎవరో వెనకనుంచి, వీరభద్రసామికి ధూపమేస్తున్నవా ఏందని పరాచికమాడటం వినిపించింది. ఆ పత్తికి కొట్టిన మందుల సంగతి నేనెత్తాను. ఆయన ఇంకో రెండుసార్లు ఉడకబెట్టాడు. చివరికి నేనే దూది పొట్లాలు పంపాను.

రసం నా స్నేహితులు ఇండియా వచ్చినప్పుడల్లా ఒకటీ రెండూ సీసాలు తెచ్చి ఇచ్చేవాళ్ళు. రెండేళ్లు అలా గడిచింది. నడుమ రెండు నెలలు ఎవరూ రాక బీడీకి వెళ్ళి, సీసా రాగానే మళ్ళీ వదిలాడు.

2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు వచ్చింది, డిసెంబరుకల్లా చట్టమైంది. తయారీ, దిగుమతి, అమ్మకం, రవాణా, ప్రకటన అన్నీ నిషేధం. మొదటి నేరానికి ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ చేస్తే మూడేళ్లు, ఐదు లక్షలు. నిల్వ పెట్టినా ఆరునెలలు. నికోటిన్ ఉన్నా లేకున్నా ఒకటే. నేను చట్టం మొత్తం చదివాను, ఇలాంటివి చదవడం నాకొక జబ్బు. 'తయారీ' అంటే పరికరాన్నే కాదు, దాని ఏ భాగాన్నైనా చెయ్యడం, బిగించడం. అంటే బాపు ఆదివారం సర్వీసింగు కూడా అందులోకే వస్తుంది. పీల్చడాన్ని మాత్రం అది ఎక్కడా నేరమనలేదు. పీల్చవచ్చు, కాయిల్ చుట్టకూడదు.

బాపు పేపర్లో చూసి ఫోను చేశాడు. "సర్కారు వద్దన్నది గద" అన్నాడు. అంతకుమించి చర్చ లేదు. రసం ఇంకో అర సీసా ఉంది, దాన్ని కూడా వాడలేదు. బాటరీ తీసి చేను దగ్గరికి తీసుకుపోయే టార్చిలో వేసుకున్నాడు, అదే కొలత బాటరీ. నేనూ తేలేదు, ఎవరిచేతా పంపలేదు. ఆ నెలాఖరుకు కట్ట బీడీ, దసరా దాటాక కట్టన్నర.

ఈ చట్టాన్ని తిట్టిపోయడం నాకు సులువే, కానీ అమెరికాలో ఆ ఏడు నేను చూసింది కూడా చెప్పాలి. 2019 సర్వేలో అక్కడి హైస్కూలు పిల్లల్లో 27.5 శాతం మంది ఈ-సిగరెట్లు వాడుతున్నామన్నారు. నాతో పనిచేసే ఒకాయన కొడుకు పెన్సిల్ డబ్బాలో దొరికింది ఒకటి, పెన్‌డ్రైవ్ అనుకున్నారట. అదే ఏడాది ఊపిరితిత్తులు దెబ్బతిని జనం ఆస్పత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి లెక్క 2,807 మంది, అందులో 68 మరణాలు. తర్వాత తేలిందేమిటంటే ఎక్కువభాగం గంజాయి సారమున్న దొంగ కార్ట్రిడ్జులు, వాటిలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్. కానీ ఆ సెప్టెంబరులో అదెవరికీ పూర్తిగా తెలియదు. భయపడ్డ ప్రభుత్వాన్ని నేను తప్పుపట్టను. ఇక్కడి కాలేజీ పిల్లల జేబుల్లోకి ఆ పెన్‌డ్రైవులు రాకూడదనే నేనూ అంటాను.

నాకు గుచ్చుకునేది ఇంకోటి. 2016-17లో జరిగిన జాతీయ సర్వేలో మన పెద్దవాళ్ళలో బీడీ తాగేవాళ్ళు 7.7 శాతం, సిగరెట్టు 4 శాతం. అంటే ఈ దేశంలో పొగ అంటే ముందు బీడీ. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు సిగరెట్ల మీద సెస్సు కూడా వేసి, బీడీల మీద వెయ్యలేదు. కారణం అందరికీ తెలిసిందే. బీడీ వెనక లక్షలమంది ఆడవాళ్ళ కూలి ఉంది. తెలంగాణ వచ్చాక వాళ్ళకు పింఛనూ ఇస్తున్నారు. ఇవ్వాల్సిందే. తునికాకు సీజను మా అడవి ఊళ్ళకు ఎండాకాలపు రొక్కం. ఇన్ని చేతులు పట్టుకున్న వస్తువును ఒక సంతకంతో ఆపలేరు, ఆపకూడదు కూడా. అటామైజర్ వెనక ఈ దేశంలో ఏ చేతులూ లేవు. మా బాపువి తప్ప. అందుకని అది ఒక్కరోజులో పోయింది. రెండిట్లో ఏది ఎక్కువ మందిని చంపుతుందన్న ప్రశ్న అక్కడ రాలేదు.

2019లోనే ఇంగ్లండులో ఒక పెద్ద ప్రయోగం ఫలితాలు వచ్చాయి. మానాలనుకున్న 886 మందిలో సగంమందికి నింపుకునే ఈ-సిగరెట్టు, సగంమందికి నికోటిన్ గమ్, పట్టీలాంటివి ఇచ్చారు. ఏడాది తర్వాత మొదటివాళ్ళలో 18 శాతం, రెండోవాళ్ళలో 9.9 శాతం సిగరెట్టుకు దూరంగా ఉన్నారు. దీన్ని ఎగరేసుకుంటూ చూపించేవాళ్ళు కింది వాక్యం చదవరు. అలా మానినవాళ్ళలో ఐదింట నాలుగొంతుల మంది ఏడాది తర్వాత కూడా ఆవిరి పీలుస్తూనే ఉన్నారు. అమ్మ అన్నమాటే. పైగా నూటికి ఎనభై రెండుమందికి అదీ పనిచెయ్యలేదు. బాపు ఆ పద్దెనిమిదిలో ఉండేవాడా, ఎనభై రెండులోనా అని నేను చాలాసార్లు లెక్కలేసుకున్నాను. అందులో లెక్కేమీ లేదు, ఊరికే వేసుకోవడమే.

నేను 2020లో హైదరాబాదు వచ్చేశాను. మరుసటి ఏడు బాపును వరంగల్ తీసుకెళ్ళాల్సి వచ్చింది. మెట్లెక్కితే ఆయాసం, తెల్లవారుజామున దగ్గు. యంత్రంలోకి ఊదించారు. ఊదించిన కాగితం మీద గీత ఎలా ఉండాలో పక్కనే అచ్చువేసి ఉంది, బాపు గీత దాని కింద ఒంగిపోయింది. సీఓపీడీ అన్నారు. నలభై ఏళ్ల బీడీ, దాంతోపాటు వార్నిష్ పొగ, కాలిన ఇనామిల్ పొగ. ఇందులో ఆ రెండేళ్ల ఆవిరి వాటా ఎంతో, ఏమన్నా ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. డాక్టరును బాపే అడిగాడు, "సార్, గా మిషిను ఉండె గద, అది మంచిదేనా?" ఆయన కుర్రవాడు, విసుక్కోలేదు. మంచిదని తను అనడనీ, బీడీ కన్నా చెడ్డదని కూడా అనలేననీ, ఇప్పుడది లేదు కాబట్టి ఆ మాట వదిలేద్దామనీ చెప్పి, నికోటిన్ గమ్ రాశాడు. రెండు మిల్లీగ్రాములది, చీటీ లేకుండానే మందుల షాపులో దొరుకుతుంది.

బాపుకు పళ్ళ సెట్టు. గమ్ దానికి అతుక్కుని రాదు. రెండు రోజులు ప్రయత్నించి, మూడోరోజు సెట్టు తీసి గోరుతో గీకుతూ, "దీంట్ల చేసే పనేమున్నది?" అన్నాడు. నమిలే పని ఉంది కదా అన్నాను. అది పళ్ళ పని, నా పని కాదన్నాడు. పట్టీ అంటించి చూశాం. దాంట్లో అసలే పని లేదు, అంటించుకుని మరిచిపోవడమే. ఆయన మరిచిపోలేదు. పట్టీ అంటించుకునే బీడీ తాగాడు.

ఇప్పుడు రోజుకు ఐదారు. కొన్ని రోజులు మూడు. షాపు చిన్నాన్న కొడుకు చూసుకుంటున్నాడు, బాపు పొద్దున పోయి కూర్చుంటాడు, వార్నిష్ పోసేటప్పుడు బయటికొచ్చి నిలబడతాడు. టేబుల్ సొరుగులో ఆ అటామైజర్ అలాగే ఉంది, కాయిల్ కూడా. రసం సీసా మాత్రం పారబోయించాను.

ఆయనకిప్పుడు కొత్త పనిముట్టు ఇన్‌హేలర్. కాప్సూల్ పెట్టి తిప్పితే అది లోపల విడిపోయి పొడి రాలుతుంది, గట్టిగా పీల్చాలి. మొదటివారంలోనే విప్పేశాడు. మొన్న నేను కురవి పోయేసరికి దాని రెండు భాగాలూ కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి ఉన్నాయి. నన్ను కూర్చోబెట్టి వెలుతురుకు పట్టి చూపించాడు. లోపలి గోడకు తెల్లగా పొడి అంటుకుని ఉంది, కడిగినా కొంచెం మిగిలింది.

"సూడు. సగం మందు ఈడనే అంటుకుంటాంది. లోపటికేం పోతది? గాలి బొక్క గిక్కడ గాదు, జెర కిందికుండాలె." గోరుతో ఒకచోట గీత పెట్టాడు. "నీ దగ్గర గా సన్న బిట్టు ఉన్నదా?"

ఇది మందు బాపూ, దీన్ని ముట్టుకోవద్దన్నాను. సరేనన్నాడు. వేరే పాతదొకటి తెచ్చియ్యి, కోసి చూస్తా అన్నాడు.